మనిషి బొమ్మ నడవాలంటే: ముందు ఒక్క కాలు నిలబెట్టి చూడు

ప్రశ్న: “అక్కా, మాది హిందూపురం. బెంగళూరులో సీఎస్‌ఈ మూడో ఏడు చదువుతున్నాను. ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. కంప్యూటర్‌లో మనిషి బొమ్మ నడవడం, ఆడటం ఎలా చేస్తారో చదవాలని ఆశ. దీనికి ఎంటెక్ చేయాలా, ఏదైనా యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా? మాథ్స్ అంటే భయం. ఏఐ వచ్చాక ఈ చదువు దండగ అంటున్నారు ఫ్రెండ్స్. నాన్నేమో ‘బొమ్మలాటకు ఇంజనీరింగ్ ఎందుకమ్మా’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.”

చెల్లీ, నువ్వు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది కానీ అందులో నాలుగున్నాయి. వరస తప్పినా ఏమీ అనుకోకు. ముఖ్యమైన చోట ఎక్కువసేపు ఆగుతాను. నాది ధర్మవరం. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇక్కడే ఎంటెక్ చేశాను, థీసిస్ మనిషి నడక మీదే. ఇప్పుడు గేముల్లో పాత్రల కదలికలకు కోడ్ రాసే ఉద్యోగం. కాబట్టి నేను చెప్పేదంతా కోడ్ వైపు నుంచి చూసిందే. బొమ్మను చేత్తో ఆడించే యానిమేటర్లను అడిగితే వాళ్లు ఇంకోలా చెబుతారు, అదీ నిజమే.

మీ నాన్నగారు బొమ్మలాట అన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. మా ధర్మవరం పక్కనే నిమ్మలకుంట. తోలుబొమ్మలకు పేరున్న ఊరు. చిన్నప్పుడు తెర వెనక్కి వెళ్లి తొంగిచూస్తే తాతలు కసిరేవాళ్లు. కానీ అక్కడ చూసిందే తర్వాత ఎంటెక్ మొదటి సెమిస్టర్‌లో నాకు అక్కరకొచ్చింది. తోలుబొమ్మకు భుజం దగ్గర ఒక ముడి, మోచేయి దగ్గర ఒక ముడి ఉంటాయి. భుజం ముక్కను తిప్పితే దాని కింది ముక్కలన్నీ దాంతోపాటే తిరుగుతాయి. కంప్యూటర్‌లో మనిషి అస్థిపంజరం కూడా ఇంతే. నడుము మూలం, దానికి వెన్ను, వెన్నుకు భుజం, భుజానికి మోచేయి, మోచేతికి మణికట్టు. ప్రతి కీలూ తన పైదానితో పోల్చి ఎంత తిరిగిందో ఒక లెక్క పెట్టుకుంటుంది. పై నుంచి కిందికి ఆ లెక్కలు గుణించుకుంటూ పోతే వేలికొస ఎక్కడుందో తెలుస్తుంది. దీన్ని ఫార్వర్డ్ కైనమాటిక్స్ అంటారు.

అయితే తోలుబొమ్మ ఆడించే తాత భుజం పట్టుకోడు. అరచేతికి కట్టిన పుల్ల పట్టుకుంటాడు. చెయ్యి ఎక్కడికి వెళ్లాలో ఆయన చెబుతాడు, మోచేయి ఎంత వంగాలో అదే చూసుకుంటుంది. ఇది ఇన్వర్స్ కైనమాటిక్స్. ఆ “అదే చూసుకుంటుంది” అన్న మాటను తోలు, ముడి, గురుత్వాకర్షణ కలిసి ఉచితంగా చేసిపెడతాయి. కంప్యూటర్‌లో మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. యూనివర్సిటీలో చదివేది ఆ రాయడం. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేది ఆ పుల్ల పట్టుకుని రాముణ్ణి రాముడిలా, రావణుణ్ణి రావణుడిలా ఆడించడం. రెండూ గొప్ప పనులే, రెండింటికీ సాధన కావాలి. ఒకటి చదవాలని రెండోదానిలో చేరినవాళ్లు మాత్రం ఆర్నెల్లకే ఏడుస్తారు. మా చిన్నాన్న కొడుకు ఇలాగే చేరాడు, పేరెందుకు గానీ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో. ఫీజంతా ఒకేసారి కట్టించుకుని ఏడాదంతా సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో చూపించారు. బొమ్మ గీయడం నేర్పలేదు, లెక్కా నేర్పలేదు. కొత్త వెర్షన్ వచ్చేసరికి బటన్ల చోటు మారిపోయింది.

మీ కాలేజీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ పేపర్ ఉందో లేదో నువ్వు రాయలేదు. వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీల్లో చాలాకాలం ఆరో సెమిస్టర్‌లో ఉండేది, ఓపెన్‌జీఎల్ (తెర మీద బొమ్మ గీయించే కోడ్ లైబ్రరీ) ల్యాబ్‌తో పాటు. బ్రెసెన్‌హామ్ గీత (చుక్కలు పేర్చి గీత గీసే పద్ధతి), రంగుల క్యూబు, టేబుల్ మీద టీపాట్. ఆ బ్రెసెన్‌హామ్ పద్ధతి 1962లో ఐబీఎంలో పుట్టింది, కాగితం మీద గీసే ప్లాటర్ యంత్రం పెన్ను కోసం. ఆ టీపాట్‌ను 1975లో యూటా యూనివర్సిటీలో మార్టిన్ న్యూవెల్ తన ఇంట్లోని టీపాట్ చూసి లెక్కలోకి ఎక్కించాడు. అసలు టీపాట్ ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది, మనం ల్యాబ్‌లో చూసేది అణిగిన రూపం. ఈ ప్రోగ్రాములు బట్టీ పట్టి వైవా గట్టెక్కినవాళ్లే ఎక్కువ, నేనూ అంతే. అందులో నిజంగా పనికొచ్చేవి రెండే రెండు: మాత్రికల గుణకారం, కెమెరా లెక్క. మిగతావన్నీ నేడు గ్రాఫిక్స్ చిప్పు లోపలే జరిగిపోతాయి.

ఇక మాథ్స్ భయం. నిజం చెప్పాలంటే ఇందులో మాథ్స్ తప్పించుకోలేవు. కానీ నీకు ఏ మాథ్స్ అంటే భయమో అది ఇందులో ఉండకపోవచ్చు. ఇంజనీరింగ్‌లో మనల్ని భయపెట్టేది కంటికి కనబడని మాథ్స్. ఇక్కడ తప్పు చేస్తే వెంటనే తెర మీద మోచేయి వెనక్కి విరిగి కనిపిస్తుంది.

ఒక చిన్న పరీక్ష. నీ ఫోన్‌ను టేబుల్ మీద తెర పైకి ఉండేలా, నీకు నిటారుగా పెట్టుకో. అవతలి అంచు పట్టుకుని లేపి నిలబెట్టు, తెర నీ వైపు చూస్తుంది. ఇప్పుడు నిలువుగానే ఉంచి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు 90 డిగ్రీలు తిప్పు. ఫోన్ నిలువుగా నిలబడి, తెర నీ ఎడమ వైపు చూస్తుంటుంది. మళ్లీ మొదటికి రా. ఈసారి ఫోన్ పడుకుని ఉండగానే గడియారం ముల్లు తిరిగే వైపు 90 డిగ్రీలు తిప్పి, తర్వాత అవతలి అంచు లేపి నిలబెట్టు. ఫోన్ ఇప్పుడు అడ్డంగా నిలబడి నీ వైపే చూస్తుంటుంది. అవే రెండు కదలికలు, వరస మారిందంతే. 2 ఇంటూ 3 అయినా 3 ఇంటూ 2 అయినా ఒకటే అని చిన్నప్పటి నుంచి నమ్మిన మనకు, మాత్రికల్లో అది చెల్లదు అని ఇంటర్‌లో చెప్పారు. ఎందుకు చెల్లదో ఫోన్ చెబుతుంది. మనిషి భుజం మూడు దిక్కులా తిరుగుతుంది కాబట్టి ఈ వరస గొడవ ప్రతి భుజంలో, ప్రతి తుంటిలో ఉంటుంది.

ఆ మూడు దిక్కుల తిరుగుడును మూడు కోణాలుగా రాస్తే ఆయిలర్ కోణాలు. చదవడానికి తేలిక. కానీ మధ్య కోణం 90 డిగ్రీలకు చేరితే మొదటిదీ మూడోదీ ఒకే అక్షం చుట్టూ తిరగడం మొదలుపెడతాయి, అంటే ఒక దిక్కు చేజారిపోతుంది. దీన్నే గింబల్ లాక్ అంటారు. చెయ్యి భుజం ఎత్తున పక్కకు చాచే భంగిమలు కూచిపూడిలో ఎన్నున్నాయో నీకు తెలుసు కదా. వరస సరిగ్గా ఎంచుకోకపోతే సరిగ్గా అక్కడే చెయ్యి గిజగిజలాడుతుంది.

దానికి మందు క్వాటర్నియన్. నాలుగు అంకెలతో ఒక తిరుగుడు. 1843లో హామిల్టన్ అనే ఐర్లండ్ గణితజ్ఞుడు డబ్లిన్‌లో వంతెన పక్కన నడుస్తుంటే తట్టి, ఆ సూత్రాన్ని వంతెన రాతి మీదే చెక్కాడని చెబుతారు. నూట నలభై ఏళ్ల తర్వాత, 1985లో, కెన్ షూమేక్ దాన్ని యానిమేషన్‌లోకి తెచ్చాడు. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు మెత్తగా వెళ్లాలంటే నేటికీ ఆ దారే.

ఈ క్వాటర్నియన్ నా పరువు ఒకసారి తీసింది. థీసిస్ డెమో రోజు. నా బొమ్మ నమస్కారం పెట్టి చేతులు దించాలి. కుడి చెయ్యి బుద్ధిగా దిగింది. ఎడమ చెయ్యి మాత్రం తల మీదుగా, వీపు వెనక నుంచి ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చి దిగింది. హాలంతా నవ్వింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు “మళ్లీ ఒకసారి చూపించమ్మా” అన్నారు, అది ఇంకా ఘోరం. సంగతేమిటంటే ఒకే భంగిమకు రెండు క్వాటర్నియన్లు ఉంటాయి. నాలుగు అంకెల గుర్తులూ తారుమారు చేసినా అదే భంగిమ. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి దారి లెక్కేసేటప్పుడు, గుర్తులు ఎదురెదురుగా ఉంటే దగ్గరి దారి వదిలేసి చుట్టుదారి పడుతుంది. రెండింటి డాట్ ప్రొడక్ట్ (జత జతగా అంకెలు గుణించి కలిపితే వచ్చేది) చూసి, అది రుణాత్మకమైతే ఒకదాని గుర్తులు తిప్పేయాలి. ఒక్క లైను కోడ్. ఆ ఒక్క లైనుకి నాకు రెండు రాత్రులు పట్టాయి.

చర్మం సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఎముకలు తిరిగితే వాటి మీది చర్మం ఎలా సాగాలి? అందరూ వాడే పద్ధతి, చర్మం మీది ఒక్కో బిందువు ఏ ఎముక మాట ఎంత వినాలో ముందే వాటాలు రాసిపెట్టడం. మణికట్టు దగ్గరి బిందువుకు ముంజేతి మాట సగం, అరచేతి మాట సగం. మామూలు వంపులకు బాగానే ఉంటుంది. అరచేతిని పూర్తిగా 180 డిగ్రీలు తిప్పావనుకో, ఒక ఎముక ఆ బిందువును ఇటు పక్కన ఉండమంటుంది, ఇంకోటి సరిగ్గా ఎదురు పక్కన ఉండమంటుంది. సగటు తీస్తే రెండింటికీ మధ్య, అంటే మణికట్టు నడిబొడ్డున పడుతుంది. చుట్టూ ఉన్న బిందువులన్నీ అక్కడికే చేరి, మెలిపెట్టిన చాక్లెట్ కాగితంలా మణికట్టు నలిగిపోతుంది. ఇంగ్లిష్‌లోనూ దీన్ని క్యాండీ రాపర్ అనే అంటారు. 2007లో కవన్, ఆయన తోటివాళ్లు డ్యూయల్ క్వాటర్నియన్లతో దీనికి ఒక దారి చూపించారు. చాలా గేముల్లో మాత్రం ముంజేతిలో అదనంగా ఒక ఎముక పెట్టి మెలికను పంచేస్తారు. అందమైన పరిష్కారమేమీ కాదు, నడిచిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఎంటెక్కా, ఇన్‌స్టిట్యూటా అని తేల్చుకునే ముందు నీ చేత్తో ఒక కాలు చేయమంటాను. పూర్తి మనిషి వద్దు, ఒక్క కాలే. తుంటి, మోకాలు, చీలమండ. ఏ భాషలో రాసినా ఫర్వాలేదు, కాగితం మీది పుల్లబొమ్మలా రెండు గీతలు చాలు. దీనికి కావలసిన మాథ్స్ నువ్వు ఇంటర్ మొదటి ఏడు 1ఏలో చదువుకున్న త్రిభుజ ధర్మాలు అన్న అధ్యాయంలోదే, కొసైన్ సూత్రం. తొడ 45 సెంటీమీటర్లు, పిక్క 42 అనుకో. తుంటి నుంచి చీలమండకు తిన్నగా కొలిస్తే 80. మూడు భుజాలూ తెలిసిన త్రిభుజం అది. 45 వర్గం 2025, 42 వర్గం 1764, కలిపితే 3789. అందులోంచి 80 వర్గం 6400 తీసేస్తే మైనస్ 2611. దాన్ని రెండు ఇంటూ 45 ఇంటూ 42, అంటే 3780తో భాగిస్తే మైనస్ 0.69. ఏ కోణానికి కొసైన్ అది? దాదాపు 134 డిగ్రీలు. మోకాలు అంత కోణంలో ఉంటే పాదం సరిగ్గా ఆ చోట ఆనుతుంది. అంతే, ఇన్వర్స్ కైనమాటిక్స్ చేసేశావు.

ఇక్కడితో ఆగకు, తమాషా ముందుంది. దూరాన్ని 80 నుంచి 81కి పెంచు. కోణం 137 అవుతుంది, మూడున్నర డిగ్రీల తేడా. ఇప్పుడు 86 పెట్టు, 163 వస్తుంది. 87 పెట్టు, కాలు కర్రలా 180. అదే ఒక్క సెంటీమీటరుకు ఈసారి పదిహేడు డిగ్రీలు. అంటే కాలు పూర్తిగా సాగే చోట తుంటి రవ్వంత కదిలినా మోకాలు టక్కున ఎగిరిపడుతుంది. గేములు ఆడేటప్పుడు మెట్లెక్కే పాత్ర మోకాలు ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం చూసే ఉంటావు. కారణం ఇదే. మేం చేసేదేమిటంటే కాలును ఎప్పుడూ పూర్తిగా చాచనివ్వం, ఒక సెంటీమీటరో రెండో ముందే మెత్తగా ఆపేస్తాం.

ఇంకో చిక్కుంది, అది నీకు నాకంటే బాగా తెలుసు. కొసైన్ సూత్రం మోకాలు ఎంత వంగాలో చెబుతుంది, ఎటు వంగాలో చెప్పదు. తుంటి, చీలమండ కదలకుండా పట్టుకుని మోకాలిని ముందుకో పక్కకో తిప్పుకోవచ్చు, లెక్క తప్పదు. మామూలు నడకలో మోకాలు ముందుకే చూస్తుందని కోడ్‌లో రాసేస్తాం. నువ్వు అరమండిలో కూర్చుంటే? మోకాళ్లు రెండూ పక్కలకు తెరుచుకోవాలి, మడమలు దగ్గరగా, వెన్ను నిటారుగా. విదేశీ నడకల కోసం రాసిన రెడీమేడ్ రిగ్గులు (బొమ్మను ఆడించే ఎముకల అమరికలు) అరమండి దగ్గర మోకాళ్లను ముందుకు తోసేసి, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినట్టు చేస్తాయి. అప్పుడు మోకాలి దిక్కు చెప్పడానికి పోల్ వెక్టర్ అని ఒకటి పెట్టాలి. ఎక్కడ పెట్టాలో ఎనిమిదేళ్లు మోకాళ్లు నొప్పులు పుట్టేలా అరమండి చేసిన మనిషికి తెలిసినంత నాకు తెలియదు.

ఆ మాటకొస్తే మనిషి బొమ్మ ఎందుకింత కష్టమో కూడా అక్కడే ఉంది. కుర్చీనో కారునో గీస్తే చిన్న తప్పులు ఎవరికీ కనిపించవు. మనిషి కదలికలో తప్పు మాత్రం చదువురాని పిల్లకైనా తెలిసిపోతుంది. 1973లో స్వీడన్‌లో గున్నార్ యోహాన్సన్ అనే శాస్త్రవేత్త చీకట్లో నడిచే మనిషి కీళ్ల దగ్గర పది పన్నెండు దీపాలు మాత్రమే కనిపించేలా చేసి చూపించాడు. ఆగి ఉన్నప్పుడు ఏమిటో అర్థం కాని చుక్కలు, కదలగానే మనిషి అని చూసేవాళ్లు పోల్చేశారు. పది చుక్కల్లో మనిషిని పట్టుకునే కన్నుకు, ఆ చుక్కల్లో ఒకటి తప్పు దారిన పోతే తెలియదా?

నేను చేసిన మొదటి నడకను మా గైడ్ చూసి, “అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా, మనిషికి బరువే లేదు” అన్నారు. ఏం చేయాలో చెప్పలేదు. పుస్తకాల్లో ఉన్నదంతా చేశాను: ఒక అడుగు చక్రంలో పాదం నేల మీద ఉండేది సుమారు 60 శాతం, గాల్లో ఉండేది 40 శాతం, రెండు పాదాలూ నేల మీద ఉండే ఘడియలు రెండుసార్లు వస్తాయి. అయినా నా బొమ్మ తేలుతోంది. ఒక తెల్లవారుజామున కేఆర్ మార్కెట్‌కు వెళ్లి కూర్చున్నా. పూల బుట్టలు దించే వేళ అది. నెత్తిన బుట్టతో పోయే ఒకాయన వెనకే చూస్తున్నా. తల దాదాపు ఒకే ఎత్తులో పోతోంది, నీళ్లమీద కొబ్బరికాయలా. అడుగులు చిన్నవి, గబగబా పడుతున్నాయి. ఒక కాలి మీదికి బరువు పూర్తిగా మారాకే రెండో పాదం లేస్తోంది, అదీ ఎంతో ఎత్తుకు కాదు. తుంటి మాత్రం పక్కకు, బరువున్న కాలి మీదికి జరుగుతోంది. బుట్ట దించి తిరిగొచ్చేటప్పుడు అదే మనిషి నడక వేరు, చేతులు ఊగుతున్నాయి, తల పైకీ కిందికీ ఆడుతోంది. నా బొమ్మలో తుంటి పక్కకు జరగడమన్నదే లేదు. వచ్చి నాలుగు సెంటీమీటర్లు జరిపా. బొమ్మ నేలకు దిగింది.

అందుకే నీకు గీత రాకపోయినా బొమ్మలు గీసే క్లాసుకు ఒకదానికి వెళ్లమంటాను. కుమార కృపా రోడ్డులో చిత్రకళా పరిషత్ ఉంది కదా, అక్కడ తోలుబొమ్మల సేకరణ కూడా ఉంది. కన్నడంలో తొగలు గొంబె అంటారు, మనవాటికి అక్కచెల్లెళ్లు. కీళ్లు ఎక్కడ కట్టారో చూసిరా.

మోషన్ క్యాప్చర్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. నటుడి ఒంటికి మెరిసే చుక్కలు అంటించి, చుట్టూ కెమెరాలతో పట్టి, ఆ కదలికను బొమ్మకు ఎక్కించడం. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఇలాంటి 2,500కు పైగా రికార్డింగులు ఉచితంగా పెట్టింది. 12 కెమెరాలు, 41 చుక్కలు, సెకనుకు 120 సార్లు పట్టినవి. భారతీయ నృత్యం పేరుతో కూడా కొన్ని ఉన్నాయి, వెతుకు. వాటిని బీవీహెచ్ అనే రూపంలోకి మార్చినవి దొరుకుతాయి. అది మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరువు. పైన అస్థిపంజరం వివరం, నడుము మూలం, దాని కింద ఒక్కో కీలు ఎంత దూరంలో ఉందో. కింద వరసగా అంకెలు, ఒక్కో వరస ఒక్కో క్షణం భంగిమ. ఆ కోణాలు ఆయిలర్ కోణాలే, ఏ వరసలో తిప్పాలో పైన రాసి ఉంటుంది. ఆ వరస చూసుకోకుండా చదివించి బొమ్మను పీతలా పాకించిన స్టూడెంట్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరుంటారు.

కానీ పట్టుకొచ్చిన కదలిక నీ బొమ్మకు సరిపోదు. ఆరడుగుల మనిషి అడుగును ఐదడుగుల బొమ్మకు ఎక్కిస్తే, కోణాలు సరిపోతాయి గానీ పాదం నేల మీద నిలవదు, నూనె మీద నడిచినట్టు జారుతుంది. అప్పుడు పాదాన్ని నేలకు అతికించి, నువ్వు రాసిన ఆ కాలు లెక్కతో మోకాలిని మళ్లీ సరిచేయాలి. నా ఉద్యోగంలో సగం ఇదే. నీకు తరంగం ఉంది కదా, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి పళ్లెంతో సహా కదలడం. అక్కడ పాదం నేలకు అతుక్కోదు, పళ్లానికి అతుక్కుంటుంది, పళ్లాన్ని మళ్లీ పాదమే నడిపిస్తుంది. ఎవరు ఎవరిని లాగుతున్నారో చెప్పడమే ఒక థీసిస్. ఎంటెక్‌లో ప్రాజెక్టు ఏం చేయాలో తోచక తలపట్టుకునేవాళ్లను ఎందరినో చూశాను. నీకు ఇప్పుడే ఒకటి చేతిలో ఉంది, ఎవరికీ చెప్పకు.

ఏఐ ప్రశ్నకు తొందరగా చెబుతాను. “ఒక మనిషి నెమ్మదిగా వెనక్కి నడవాలి” అని రాస్తే కదలికను పుట్టించే మోడళ్లు వచ్చాయి, బాగానే ఉన్నాయి. కానీ అవి బయటకు ఇచ్చేదీ కీళ్ల తిరుగుళ్లే. అక్కడా పాదాలు జారతాయి. వాటిలో చాలావాటి అడుగున ఉండే శరీరం ఎస్‌ఎంపీఎల్ అనే 2015 నాటి మోడల్, 6,890 బిందువులు, ఒక్కోదానికి ఎముకల వాటాలు, నేను పైన చెప్పిన సంగతే. ఇంకోటి, క్వాటర్నియన్‌కు రెండు గుర్తుల గొడవ ఉందన్నానే, న్యూరల్ నెట్‌వర్క్‌లకు కూడా అది గిట్టదు. నాలుగు అంకెలకు బదులు ఆరు అంకెలతో తిరుగుడు రాస్తే మేలని 2019లో ఒక పేపర్ వచ్చింది, ఇప్పుడు చాలామంది అలాగే రాస్తున్నారు. ఇది ఎందుకో అర్థమయ్యేవాళ్లకు పని ఉంటుంది. బటన్లు నొక్కడం వరకే వచ్చినవాళ్లకు కష్టమే, నీ ఫ్రెండ్స్ మాట అక్కడ నిజం.

ఎక్కడ చదవాలి అంటే, బెంగళూరు వదలకుండానే దారులున్నాయి. ఎలక్ట్రానిక్ సిటీలోని ట్రిపుల్ఐటీ, ఐఐఎస్‌సీ రెండింటిలోనూ గ్రాఫిక్స్, విజువలైజేషన్ మీద పనిచేసే ల్యాబులున్నాయి, ఎంటెక్‌కు గేట్ రాయాలి. అయితే అలాంటి ల్యాబుల్లో మనిషి బొమ్మ కంటే సైన్స్ డేటాను కంటికి చూపించే పనే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి కాలేజీ పేరు చూసి కాకుండా, ఆ ప్రొఫెసర్ ఈ మూడు నాలుగేళ్లలో ఏం పేపర్లు రాశారో చూసి అప్లై చేయి. ఒక చేదు నిజం కూడా విను: గేట్ సీఎస్ సిలబస్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేదు. లీనియర్ ఆల్జీబ్రా ఉంది, దాన్ని ఇష్టంగా చదువు, రెండు విధాలా పనికొస్తుంది. డిజైన్ వైపు మనసు లాగితే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ ఉంది, వాళ్ల ప్రవేశ పరీక్ష వాళ్లదే. యానిమేషన్ సినిమా చేయడమే కావాలంటే వాళ్ల అహ్మదాబాద్ క్యాంపస్. కాలు రాసేటప్పుడు నీకు కోడ్ మీద ఇష్టం పుట్టిందా, కాలు ఎలా కనబడుతోందన్న దాని మీదే మనసు పోయిందా, దాన్నిబట్టి ఈ రెండు దారుల్లో ఒకటి ఎంచుకో. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, బ్లెండర్ ఉచితం. లాప్‌టాప్ కోసం నాన్నను లక్షలు అడగకు, ఈ దశలో ఇప్పుడున్నది చాలు.

నాన్నగారికి ఒక సంగతి చెప్పు. కంప్యూటర్‌లో తొలినాళ్ల మనిషి బొమ్మల్లో ఒకటి సినిమా కోసం పుట్టలేదు. 1964 ప్రాంతంలో బోయింగ్ కంపెనీలో విలియం ఫెటర్ విమానం కాక్‌పిట్‌లో పైలట్ చెయ్యి మీటల దాకా అందుతుందో లేదో చూడటానికి గీయించాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్న పేరు కూడా ఆ కంపెనీలోనే పుట్టింది. తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నార్మన్ బాడ్లర్ ల్యాబ్ నుంచి జాక్ అనే మనిషి బొమ్మ వచ్చింది. కారు సీటు, ఫ్యాక్టరీ బల్ల మనిషికి సరిపోతాయో లేదో ముందే చూడటానికి దాన్ని వాడతారు. బొమ్మలాటకు ఇంజనీరింగ్ ఎందుకంటే, ఇందుకు. ఈ ఊళ్లో గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ ఆఫీసులున్నాయని కూడా చెప్పు. నాన్నలకు కంపెనీ పేర్లు వింటే కాస్త నెమ్మదిస్తుంది, మా నాన్న దగ్గర నాకు ఇదే పనిచేసింది.

సంక్రాంతి సెలవులకు హిందూపురం వెళ్తావు కదా. ఆ నాలుగు రోజుల్లో ఒక కాలు చేసి, పాదం నేల మీద ఉంచి తుంటిని మెల్లగా పైకీ కిందికీ ఆడించి వీడియో తీసి పెట్టు. పాదం కదలకుండా నిలిస్తే రెండో కాలు, ఆ తర్వాత అరమండి. మోకాలు టక్కున ఎగిరితే కంగారుపడకు, తుంటిని 86 దాటనివ్వకు.